అంకెల కర్ర ఎత్తిన రోజు

హలో, అందరూ లైన్లో ఉన్నారా? నా మాట వినబడుతోంది కదా? భోజనాలు అయిపోతే అలా కాళ్ళు చాపుకుని కూర్చోండి. కాకపోతే తింటూనే వినండి, కథకేం అడ్డం లేదు. ఇవాళ చెప్పేది మ్యాపుల సంగతి. ఇప్పుడంటే ఫోను తీసి వేలు పెడితే ఊళ్ళకు ఊళ్ళే అరచేతిలోకి వస్తున్నాయి. వెనకటి రోజుల్లో ఒక మెరక కాగితం మీదికి ఎక్కాలంటే ఎవరో ఒకరు ఎండలో కర్ర పట్టుకుని నిలబడాల్సిందే. అలా నిలబడిన ఒకాయన కథ ఇది.

అది కాలవల్లేని నేల. బావి తవ్వితే నాలుగు నిలువుల లోతున రాయి తగులుతుంది, ఇక గడ్డపార భుజాన వేసుకుని ఇంటికి రావాల్సిందే. వాన పడితే గోధుమ, పడకపోతే దుమ్ము. అక్కడి రైతులు ఆకాశం వైపు చూసినంత సేపు ఇంట్లో పెళ్ళాం మొహం చూసి ఉండరు.

ఆ రైతుల్లో ఒకాయన్ని అందరూ గుప్పిట అనేవాళ్ళు. అసలు పేరు అమ్మా నాన్నలతోనే పోయింది. పంట ఎలా వచ్చిందని అడిగితే "ఏదో" అనేవాడు. ఎప్పుడు విత్తుతున్నావంటే "చూడాలి" అనేవాడు. టీ కొట్టు దగ్గర ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడుకుంటే అది తన గురించే అనుకునేవాడు, గొంతు పెంచి మాట్లాడుకుంటే తనకు వినబడాలనే అనుకునేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. చేతిలో ఉన్నది ఎవరో లాగేసుకుంటారన్న భయం, అంతే.

ఆ భయానికో కారణం ఉంది. ఆయన పొలం కింది చివర, బండ్ల బాట పక్కన, నేల కాస్త దిగి ఉంటుంది. మూడు వందల అడుగులు వేస్తే మూడున్నర అడుగులు దిగుతారు, అంతే. నడిచేవాడి కాలికి తెలియదు. చూసేవాడి కంటికి తెలియదు. నీటికి మాత్రం తెలుసు. పైన పడిన వాన చుక్కలన్నీ ఎవరూ పిలవకుండానే అక్కడికి చేరతాయి. పెద్ద వాన పడితే ఒక పూట నీళ్ళు నిలిచి, తర్వాత నేలలోకి ఇంకిపోతాయి. పైన గోధుమ మోకాలెత్తు పెరిగే ఏడాది కూడా అక్కడ ఛాతీ దాకా లేస్తుంది. దాన్ని ఆయనా, ఆయన భార్యా గిన్నె అనుకునేవాళ్ళు, అదీ ఇంట్లో, తలుపు వేసుకున్నాక.

రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేసినప్పుడు చుట్టుపక్కల అందరూ విత్తనాలు సైతం రొట్టెలు చేసుకు తినేశారు. గుప్పిట ఇంట్లో మాత్రం విత్తనం మిగిలింది. ఎలా మిగిలిందంటే పాత నిల్వ అన్నాడు. ఆ గిన్నె ఉన్నంత కాలం తన ఇంట్లో విత్తనం చావదని ఆయనకు తెలుసు, గిన్నె సంగతి పదిమందికీ తెలిస్తే అది తనది కాకుండా పోతుందనీ ఆయన నమ్మకం.

పక్క పొలం ఆయన బావమరిదిది, అంటే భార్యకు తమ్ముడు. అతన్ని డప్పు అనేవాళ్ళు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున అతని చెవిలో వేసింది మధ్యాహ్నానికి మనకే కొత్త వార్తగా తిరిగొస్తుంది. అందుకే గుప్పిట అతని ముందు పొలం ఊసే ఎత్తేవాడు కాదు. డప్పు గట్టు మీద నిలబడి ఇటువైపు చూస్తే చాలు, ఏదో ఒక వంక పెట్టి అటు తీసుకుపోయేవాడు.

అలాంటి చోటికి ఒక రోజు కొలతలవాళ్ళు దిగారు. బడి పక్కన డేరా వేశారు. వాళ్ళ దగ్గర మూడు కాళ్ళ మీద నిలబడే ఒక గొట్టం, గొలుసులు, జెండాలు, నిలువెత్తు కంటే రెట్టింపున్న ఒక పొడుగాటి కర్ర. ఆ కర్ర నిండా ఎర్రగా, నల్లగా అంకెలు. వాళ్ళ పెద్దను ఊరంతా గొట్టమాయన అని పిలిచింది. కళ్ళజోడు, వంగిన నడుము, ఎప్పుడూ చెవి మీద పెన్సిలు.

ఎందుకొచ్చారని టీ కొట్టు దగ్గర అడిగితే గొట్టమాయన మర్యాదగానే చెప్పాడు. "మేం మీ నేల ఎత్తులు తీసి కాగితం మీద గీతలు గీస్తామండీ."

ఆ మాటకి జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎత్తులు వేసేవాళ్ళను చూశాం గానీ, వేస్తామని ముందే చెప్పి మరీ వేసేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నామని ఒక ముసలాయన గొణిగాడు. గొట్టమాయన ఇంకాస్త విడమరచబోయి, సముద్ర మట్టం నుంచి మీ గడప ఎంత పైన ఉందో కూడా చెప్తామన్నాడు. దాంతో మరీ చెడింది. సముద్రం ఇక్కడికి ఎన్ని రోజుల ప్రయాణమో ఎవరికీ తెలియదు. దాన్ని ఎందుకు తెస్తున్నారు మధ్యలోకి? శిస్తు పెంచడానికని కొందరూ, సైన్యం కోసమని కొందరూ, పొలాలు మట్టం చేసి చదును చేస్తారని ఇంకొందరూ తేల్చేశారు. డప్పు అయితే ఆ మూడూ నిజమేనని ఊరంతా చెప్పొచ్చాడు.

గుప్పిట మాత్రం రెండు రోజులు గట్టు మీద కూర్చుని గొట్టమాయన పని చూశాడు. మూడో రోజు వెళ్ళి, కర్ర పట్టుకునే పని నాకివ్వండన్నాడు. నేల తెలిసిన మనిషి దొరికాడని గొట్టమాయన సంతోషించాడు. గుప్పిట లెక్క వేరు. దొంగను పట్టాలంటే దొంగ పక్కనే నడవాలి.

పని కష్టమైనదేం కాదు. గొట్టమాయన చెయ్యి చూపిన చోటికి వెళ్ళాలి, కర్రను నేల మీద ఆనించి నిటారుగా నిలపాలి. ఆయన గొట్టంలోంచి అంకె చదివి పుస్తకంలో రాసుకుని జెండా ఊపుతాడు. అప్పుడు ఇంకో చోటికి. పది రోజుల్లో గుప్పిటకు గుట్టు తెలిసిపోయింది. పల్లంలో నిలబడితే గొట్టంలో పెద్ద అంకె పడుతుంది, మెరక మీద నిలబడితే చిన్న అంకె. ఆ అంకెలను బట్టి ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలిపి గీత గీస్తారు. అక్కడ నేల మరీ చదును కాబట్టి రెండడుగుల తేడాకో గీత.

ఒక రోజు బతిమాలి తనూ గొట్టంలో కన్ను పెట్టాడు.  పొలాలు పైన, ఆకాశం కింద, మనుషులు తలకిందులుగా నడుస్తున్నారు. ఆ గొట్టాలు అలాగే చూపిస్తాయని, అలవాటైపోతుందని గొట్టమాయన నవ్వాడు. గుప్పిటకు నవ్వు రాలేదు. లోకాన్ని తలకిందులుగా చూసేవాడు నిజం ఎలా రాస్తాడని ఆ రోజంతా ఆయన్ని అదే తొలిచింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. డేరాలో వేరే చోటి మ్యాపు షీటు ఒకటి పరిచి ఉంది. దాని మీద గుండ్రటి గీత ఒకటి, లోపలి వైపు చిన్న చిన్న పళ్ళతో, రంపంలా. ఇదేమిటని అడిగాడు.

"గుంట," అన్నాడు గొట్టమాయన. "పళ్ళు లోపలికి ఉంటే నేల దిగుతోందని అర్థం. తడి అక్కడే ఆగుతుంది. ఇలాంటి ఎండు నేలలో ఈ బొమ్మ ఎక్కడుందా అనే అందరూ ముందు వెతుకుతారు."

గుప్పిట ఆ రంపం పళ్ళను చూస్తూ ఉండిపోయాడు. అవి తన కాలి మీద దిగినట్టే అనిపించింది.

ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే మనకేం పోతుందని ఆవిడ అంది. నీ తమ్ముడు ఇప్పటికే వాళ్ళకు చెప్పేసి ఉంటాడు, లేకపోతే మన పొలం వైపు అంత తొందరగా ఎందుకొస్తున్నారని ఆయన నిలదీశాడు. ఆవిడ జవాబు చెప్పకుండా పిండి పిసకడంలో పడింది. ఆ మౌనాన్ని కూడా ఆయన అనుమానించాడు.

మర్నాడే తన పొలం వంతు వచ్చింది. పైరు నిలిచి ఉంది. పైన మోకాలెత్తు, గిన్నెలో ఛాతీ లోతు. దూరం నుంచి చూస్తే కంకుల తలలన్నీ దుప్పటి కప్పినట్టు ఒకే మట్టంగా కనబడతాయి. గొట్టమాయన బండ్ల బాట మీద గొట్టం నిలిపి, గిన్నె వైపు చెయ్యి చూపాడు.

గుప్పిట పైరు తొక్కకుండా లోపలికి నడిచాడు. నడుస్తుంటే ఆయనకు తట్టింది: గొట్టమాయనకు కర్ర పైభాగం తప్ప కింది కొస కనబడదు. గోధుమ కప్పేస్తుంది. కర్రను నేలకు ఆనించలేదు. బెల్టు దాకా ఎత్తి, పొట్టకు అదిమి పట్టుకున్నాడు. కర్ర ఊగింది. తిన్నగా పట్టుకో అని అటువైపు నుంచి కేక. కదలకుండా పట్టాడు. జెండా ఊగింది.

గిన్నెలో మొత్తం పదకొండు చోట్ల నిలబడ్డాడు. అంచుల దగ్గర జానెడే ఎత్తాడు, నడుమకు వచ్చేకొద్దీ పెంచాడు, మళ్ళీ తగ్గించాడు. చదువుకోని మనిషి, అయినా నేల ఆయనకు పాదాల్లో ఉంది. మూడున్నర అడుగుల గిన్నెను పదకొండు చోట్ల నిలబడి పూడ్చేశాడు. సాయంత్రం గొట్టమాయన పుస్తకం మూస్తూ, అక్కడ పైరు అంత ఏపుగా ఉందేమిటని అడిగాడు. ఎరువు ఎక్కువ పడిందని చెప్పాడు గుప్పిట. గొట్టమాయన కాసేపు ఆయన మొహంలోకి చూసి, పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. ఆ చూపు గుప్పిటను రాత్రుళ్ళు చాలా కాలం నిద్రపోనివ్వలేదు.

ఏడాది తిరిగేసరికి అచ్చు వేసిన షీటు వచ్చి ఊరి ఆఫీసు గోడకు ఎక్కింది. జనం తమ తమ ఇళ్ళు వెతుక్కుంటుంటే గుప్పిట వెనక నుంచి మెడ చాపి తన పొలం చూసుకున్నాడు. రంపం లేదు. పళ్ళు లేవు. ఒక్క గీత కూడా లేదు, తెల్లగా ఉంది. ఆ రోజు టీ కొట్టు దగ్గర ఆయనే ముందుగా నలుగురినీ పలకరించాడు. జనానికి అదే పెద్ద అనుమానం అయి కూర్చుంది.

కోతలు అయ్యాక, మోళ్ళు మిగిలిన పొలంలోకి నలుగురు మనుషులు దిగి మేకులు కొట్టి సున్నం గీతలు పోశారు. సరిగ్గా గిన్నె నడుమ. గుప్పిట పరుగెత్తాడు. వాళ్ళలో ఒక ఇంజనీరు, చొక్కా మడత నలగని కుర్రాడు, షీటు విప్పి చూపించాడు. ఈ చుట్టుపక్కల రైతులందరి గోధుమా దాచడానికి ఒక పెద్ద గోదాము కడుతున్నారట. బాట పక్కన ఉండాలి, చదునుగా ఉండాలి. మ్యాపంతా వెతికితే బాట పక్కన గీతలే లేని నేల ఇదొక్కటేనట. దీనికి బదులు పైన, రాళ్ళ వైపు, ఇంతకింత నేల ఇస్తారట.

 గిన్నె పోతే తన ఇంటి విత్తనం పోయినట్టే. ఇంకొకటి కూడా ఆయనకు అక్కడే నిలబడి కనబడింది: ఊరందరి బస్తాలూ ఆ గోదాములో పేర్చి ఉంటాయి, ఒక పెద్ద వాన, నేల మీది నీళ్ళన్నీ అలవాటైన దారినే వస్తాయి.

ఇంజనీరుకు ఏమీ చెప్పలేదు. నేరుగా బావమరిది గట్టు మీదికి వెళ్ళాడు. ఈ చోటు వాళ్ళకు చూపించింది నువ్వేనా అని అడిగాడు. బాట వారగా ఉన్న నీ పొలం తప్పించుకోవడానికి నాది అంటగట్టావా, నా గిన్నె మీద కళ్ళు పడి ఎన్నాళ్ళయింది అని నోటికొచ్చినట్టు అన్నాడు. ఎప్పుడూ మాట మీద మాట వేసే డప్పు ఆ రోజు అంతా అయ్యేదాకా ఊరుకున్నాడు.

"బావా, నీ గిన్నె సంగతి నాకు అక్క పెళ్ళయిన ఏడాదే తెలుసు," అన్నాడు చివరికి. "పెద్ద వాన పడ్డ రోజు నీళ్ళు ఎటు పోతున్నాయో చూసే కళ్ళు నాకూ ఉన్నాయి. ఇరవై ఏళ్ళు. ఎవరితోనైనా అన్నానా?"

 నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఒక గింజను ఇరవై ఏళ్ళు నానబెట్టాడు. విత్తనం లేని ఏడాది తన దగ్గర నాలుగు గింజలు అప్పు తీసుకుంటూ, పాత నిల్వేనా బావా అని డప్పు నవ్విన నవ్వు కూడా గుప్పిటకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"మరి మ్యాపులో నీ గిన్నె ఎందుకు లేదు?" అని డప్పు అడిగాడు. అప్పుడు చెప్పాడు గుప్పిట. మొట్టమొదటిసారి, ఎదుటి మనిషి కళ్ళలోకి చూడకుండా, కర్ర ఎలా ఎత్తిందీ చెప్పాడు. డప్పు నవ్వలేదు, తిట్టలేదు. ఆఫీసుకు పద అన్నాడు.

ఆఫీసులో ఇంజనీరు అంతా విన్నాడు. విని, కుర్చీలో వెనక్కి వాలాడు. మ్యాపులో లేని గుంట పొలం పోతుందనగానే పుట్టిందా అన్నాడు. తను మోళ్ళలో నాలుగుసార్లు నడిచానని, తన కంటికి చదునుగానే ఉందని, రైతులు ఇలాంటి కథలు చెప్పడం తనకు కొత్త కాదనీ అన్నాడు. అప్పుడు అబద్ధం ఆడానయ్యా, ఇప్పుడు ఆడటం లేదని గుప్పిట బతిమాలాడు.

"అబద్ధం ఆడానని నువ్వే అంటున్నావు," అన్నాడు ఇంజనీరు. "ఏ రోజు ఆడావో ఎంచుకోవాల్సింది నేనా?"

బావమరిది సాక్ష్యం చెప్పబోతే, మీరు ఈయనకేమవుతారని అడిగాడు. చుట్టరికం విని చేత్తోనే ఆపేశాడు. జన్మంతా జనాన్ని అనుమానించిన మనిషికి, తన మాటను ఒకరు చిల్లపెంకులా పక్కకు తోసెయ్యడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. చివరికి ఒక్కటే అడిగాడు: గొట్టమాయన్ని పిలిపించండి, మళ్ళీ కొలవమనండి, అప్పటిదాకా తవ్వకండి. వారం గడువిచ్చారు.

ఆ వారమంతా గుప్పిటను ఇంకో పురుగు తొలిచింది. గొట్టమాయన ఎందుకు ఒప్పుకుంటాడు? తప్పు బయటపడితే ముందు ఆయన ఉద్యోగానికే మచ్చ. అంతా సరిగ్గానే ఉందని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటే అడిగేదెవరు? భార్యతో అదే అన్నాడు. నీ కొలతతో అందర్నీ కొలవకు అంది ఆవిడ.

గొట్టమాయన ఆరో రోజు వచ్చాడు.  బాట మీద పాత చోటే వెతికి గొట్టం నిలిపాడు. గుప్పిట అలవాటుగా కర్ర వైపు చెయ్యి చాపాడు. గొట్టమాయన కర్రను వెనక్కి తీసుకున్నాడు. డప్పుకీ ఇవ్వలేదు. తెచ్చి ఇంజనీరు చేతిలో పెట్టాడు.

నలగని చొక్కాతో ఇంజనీరు మోళ్ళలో నడిచాడు. ఈసారి దాచే పైరు లేదు. కర్ర కింది కొస నేలకు ఆనడం ఊరంతా చూసింది. మొదటి చోట గొట్టమాయన అంకె చదివాడు, పాత పుస్తకంలో చూశాడు, మళ్ళీ చదివాడు. నడుమకు చేరేసరికి తేడా మూడడుగులు దాటింది. ఇంజనీరు తన బూట్ల కింద నేలను కొత్తగా చూశాడు. పనివాళ్ళను పిలిచి మేకులు పీకమన్నాడు.

 గిన్నె దక్కింది. గుప్పిట రెండు చేతులూ జోడించబోయాడు. గొట్టమాయన పుస్తకం మూయలేదు.

"ఈ పదకొండేనా? నువ్వు నాకు రెండు నెలలు కర్ర పట్టావు. ఇంకెక్కడ ఎత్తావు?"

ఇంకెక్కడా లేదన్నాడు గుప్పిట. ఒట్టు పెట్టాడు. పిల్లల మీద పెట్టాడు, విత్తనం మీద పెట్టాడు. గొట్టమాయన అంతా విన్నాడు.

"నమ్మాలనే ఉంది. కానీ నమ్మకం మీద షీటు అచ్చు వెయ్యలేను."

గోడకున్న షీటు దించేశారు. గుప్పిట కర్ర పట్టిన ప్రతి చోటూ, ఒక్కటి వదలకుండా, మళ్ళీ కొలవాలని తేలింది. తేడా ఎందుకొచ్చిందో పుస్తకంలో రాయాలి కదా, జరిగింది జరిగినట్టు రాసి కింద గుప్పిట వేలిముద్ర తీసుకున్నారు. ఆ ముక్క ఆఫీసులో నలుగురి ముందు చదివారు. విత్తనం లేని ఏడాది బస్తాలో అడుగు గింజలు కూడా దులుపుకు తిన్నవాళ్ళు ఆ నలుగురిలో ఉన్నారు. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

నలభై రోజులు సాగింది ఆ తిరుగు కొలత. కర్ర డప్పు పట్టాడు, పక్కన ఇంజనీరు మనిషి ఒకడు కాపలా. గుప్పిట అడక్కుండానే మూడు కాళ్ళ గొట్టం భుజాన మోశాడు. ఎక్కడెక్కడ నిలబడ్డాడో చూపించాడు. ఎవరి పొలంలోకి వెళ్ళినా అక్కడి రైతు గట్టు మీదికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, ఆయన చేతుల వైపే చూసేవాడు. ఒకావిడ తన పిల్లల్ని కూడా పిలిచి చూడమంది. మా పొలంలో ఏం దాచావని ఒకాయన ముఖం మీదే అడిగాడు. మీ పొలంలో ఏమీ దాచలేదంటే, ఏం, దాచదగ్గది మాకేమీ లేదనా అన్నాడు.

అంకె తర్వాత అంకె పాతదానితో కలుస్తూ వచ్చింది. కలిసిన ప్రతిసారీ గుప్పిట గొట్టమాయన మొహం చూసేవాడు. ఆయన పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుని, గొట్టంలో మళ్ళీ కన్ను పెట్టి ఇంకోసారి చదివేవాడు. ఒక్కరోజు కూడా బాగుందనలేదు. ఆఖరి చోటా కలిసింది. సామాను బండికెక్కించి గొట్టమాయన వెళ్ళిపోయాడు, గుప్పిటకు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు.

సాయంత్రం గుప్పిట ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగి గడప మీద కూర్చున్నాడు. అన్నీ సరిపోయాయా అని భార్య అడిగింది. సరిపోయాయన్నాడు. కొత్త షీటులో మన గిన్నె పళ్ళతో సహా ఎక్కుతుంది, ఇక ఊరంతా చూస్తుందన్నాడు. ఆ తర్వాత అసలు బాధ బయటపెట్టాడు.

"అన్నీ కలుస్తున్నా ఆయన ప్రతి అంకెనీ రెండేసి సార్లు చూశాడే. నలభై రోజులూ."

ఆవిడ చేట దింపి ఆయన వైపు తిరిగింది.

"మా తమ్ముణ్ణి నువ్వు ఇరవై ఏళ్ళు అనుమానంగా చూశావు. ఆయన నిన్ను నలభై రోజులు చూస్తే తప్పా?"

ఇదండీ సంగతి. మీకు తెలిసినవాళ్ళలో గట్టు అవతలి మనిషితో మాట మానేసినవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఈ కథ రాసి కూడా పెడతాను, ముందు వాళ్ళకు పంపండి. చదవడం రానివాళ్ళయితే పక్కన కూర్చుని మీరే చదివి వినిపించండి.